లార్డ్సు మైదానపు స్కోరుపత్రము

బస్తరు దక్షిణపు కొసన, భేజ్జి వంటి గ్రామముల వైపు, కోయ మాటతోపాటు తెలుగును వినబడును. ఆంగ్లేయుల కాలమున ఆ సంస్థానము చాలకాలము మధ్యపరగణాల ప్రభుత్వమునకు లోబడి యుండెను. ఆ పరగణాల రాజధాని నాగపురము. అచ్చట స్థిరపడిన ఒక తెలుగు కుటుంబములో 1895 అక్టోబరు 31న సి. కె. నాయుడు జన్మించెను.

1932 జూన్ 25న ఇతడు లండనునందలి లార్డ్సు మైదానమున భారతజట్టుకు నాయకుడై నిలిచెను. భారతదేశ మాడిన మొట్టమొదటి టెస్టు పందెమది. దాని స్కోరుపత్రము ఒక్క పుటకు మించదు. చరిత్రకారుడు శాసనమును చదువునట్లే దానిని చదువవలెనని నా యభిప్రాయము. ఏలయన, శాసనమువలెనే అదియు కొన్ని సంగతులను నిలిపి, కొన్నిటిని విడిచినది.

తొలి పంక్తులు చూడుడు. ఇంగ్లండు మొదట బ్యాటు పట్టెను. సట్‌క్లిఫ్ 3, హోమ్సు 6, ఊలీ 9. మొదటి యిరువురిని మహమ్మదు నిస్సారు బౌల్డు చేసెను. వీరు సామాన్యులు కారు; అంతకు పదిదినముల ముందే యార్కుషైరు పక్షమున తొలి వికెట్టుకు 555 పరుగులు జోడించిన జంట! ఇక ఊలీ పేరెదుట 'రనౌటు' అని మాత్రమే యుండును. క్యాచి పట్టినవాని పేరు వ్రాయుట పత్రమున ఆచారము. బంతి విసరినవాని పేరు వ్రాయుట ఆచారము కాదు. మలయానుండి వచ్చిన లాల్‌సింగు విసరిన బంతి అట్లు అనామకమైనది. 19 పరుగులకు 3 వికెట్లు పడినవి.

పిమ్మట జార్డీను 79 పరుగులతో ఇంగ్లండును నిలబెట్టగా ఆ జట్టు 259 చేసెను. నిస్సారుకు 5 వికెట్లు దక్కెను. జార్డీను బొంబాయిలో పుట్టినవాడు. పత్రమున కా సంగతితో పని లేదు.

భారతజట్టు 189 చేసెను. అందు నాయుడు చేసిన 40 పరుగులే అధికము. 1926లో బొంబాయి జింఖానా మైదానమున, గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై, హిందువుల పక్షమున ఇతడు రెండు గంటలలోపుగనే 153 పరుగులు చేసియుండెను. అందు సిక్సర్లే 11, అనగా 66 పరుగులు. అట్టివాడు నలుబదికే ఆగెనా యని పత్రమొక్కటే చూచినవాడు పెదవి విరచును. కాని ఇంగ్లండు ఆడుచుండగా ఒక క్యాచికై యత్నించి నాయుడు చేతికి గాయము చేసికొనెను. ఆ నొప్పితోనే బ్యాటు పట్టెను. నొప్పిని వ్రాయుటకు పత్రమున గడి లేదు.

నాయకత్వము సంగతియు నంతే. ఆ యాత్రకు నియమింపబడిన నాయకుడు పోరుబందరు మహారాజు. ఆయన తాను తప్పుకొనెను. ఉపనాయకుడైన లింబ్డీ రాజవంశీయుడు గాయపడెను. అందువలన సంస్థానాధీశుల నడుమనుండి నాగపురపు తెలుగువానికి ఆ స్థానము వచ్చెను. ఆటగాండ్ర జాబితానుబట్టి ఇదేమియు నూహింపరాదు.

రెండవ ఇన్నింగ్సులో ఇంగ్లండు 8 వికెట్లకు 275 చేసి ముగించెను. 346 పరుగులు చేయవలసిన మనవారు 187కే కుప్పకూలి, 158 పరుగుల తేడాతో ఓడిరి. క్రిందివరుసలో వచ్చిన అమర్‌సింగు చేసిన 51, టెస్టులలో భారతీయుని తొలి యర్ధశతకము. నాయుడు పేరెదుట 10 అని యున్నది. మరుసటి యేటి విజ్డెన్ గ్రంథము తన యైదుగురు క్రీడాకారులలో ఒకనిగ నతని నెన్నుకొనెను.