ఎన్‌లార్జర్‌లో వెలుగు సమానంగా పరచుకోవడం

డార్క్‌రూమ్‌లో నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీదికి దించేటప్పుడు, బొమ్మ నడుమకూ మూలలకూ ఒకే మోతాదులో వెలుగు అందేలా చూడడం ఎన్‌లార్జర్ అంత పాత సమస్య.

1857లో బాల్టిమోర్‌కు చెందిన డేవిడ్ ఏచిసన్ వుడ్‌వర్డ్ పేటెంటు పొందిన సోలార్ కెమెరా అనే ఎన్‌లార్జర్‌కు ఎండే దీపం. కండెన్సర్ కటకం ఎండను పోగుచేసి నెగెటివ్ గుండా లెన్సులోకి పంపేది. నాటి కాగితాలకు చాలాసేపు ఎండ తగలాలి. సూర్యుడు జరిగిన కొద్దీ పరికరాన్ని సర్దకపోతే వెలుగు ఒక పక్కకు ఒరిగేది. బ్రోమైడ్ కాగితం వాడుకలోకి వచ్చాకే దీపాలు ఎండ స్థానాన్ని తీసుకున్నాయి.

కండెన్సర్ ఎన్‌లార్జర్‌లో దీపం ప్రతిబింబం సరిగ్గా లెన్సులో పడాలి. బొమ్మ సైజు మార్చినా, లెన్సు మార్చినా ఆ పొందిక చెడుతుంది. అందుకే చాలా నమూనాల్లో బల్బును జరుపుకునే ఏర్పాటు ఉండేది. లైట్స్ (Leitz) కంపెనీ వారి ఫోకోమాట్ ఎన్‌లార్జర్‌లో పాలతెలుపు బల్బు పెట్టడంతో ఈ పట్టింపు కొంత సడలింది. కండెన్సర్ వ్యాసం నెగెటివ్ కర్ణం కన్నా పెద్దదిగా ఉండడమూ తప్పనిసరి: 35 మి.మీ. ఫిల్ముకు ఆ కర్ణం 43 మి.మీ.

రెండో దారి, వెలుగును ముందే చెదరగొట్టడం. వెండి నెగెటివ్ చెదిరిన వెలుగులో కన్నా కండెన్సర్ వెలుగులో ఎక్కువ కాంట్రాస్ట్ చూపుతుందని బెల్జియం శాస్త్రజ్ఞుడు ఆంద్రే కాలియే 1909లో వివరించాడు. రంగుల నెగెటివ్‌లోని అద్దకాలు వెలుగును అంతగా చెదరగొట్టవు గనుక వాటికి ఈ తేడా స్వల్పం. కలర్ హెడ్లలో లోపలంతా తెల్లగా ఉండే మిక్సింగ్ బాక్స్ స్థిరపడడానికి ఇదీ ఒక కారణం. ఆ పెట్టెలో ఫిల్టర్ రంగులూ కలుస్తాయి, వెలుగూ సమమవుతుంది.

అయినా లెన్సు తన వాటా తీసుకుంటుంది. లెన్సు అక్షం నుంచి కోణం పెరిగే కొద్దీ వెలుగు ఆ కోణపు కొసైన్ నాలుగో ఘాతం చొప్పున పడిపోతుంది. 50 మి.మీ. లెన్సుతో 35 మి.మీ. నెగెటివ్‌ను ఎనిమిది రెట్లు పెంచితే మూలల్లో దాదాపు నాలుగో వంతు నష్టం. అపర్చర్‌ను రెండు మూడు స్టాపులు మూస్తే లెన్సు గొట్టం అడ్డు తొలగుతుంది గానీ ఈ నష్టం పోదు. నెగెటివ్ తీసేసి, లేత బూడిద రంగు వచ్చేలా ఒక కాగితానికి ఎక్స్‌పోజర్ ఇస్తే లోపం స్పష్టంగా బయటపడుతుంది.

ఇక్కడొక చక్కని సర్దుబాటు ఉంది. కెమెరా లెన్సు కూడా మూలల్లో వెలుగు తగ్గిస్తుంది, కాబట్టి నెగెటివ్ మూలలు పలచబడతాయి. ముద్రలో అవి నల్లబడాలి. ఎన్‌లార్జర్ అక్కడే వెలుగు తగ్గించి వాటిని తేలిక చేస్తుంది. రెండు లోపాలూ చాలావరకు ఒకదానినొకటి కొట్టేస్తాయి. స్లైడ్ నుంచి నేరుగా సిబాక్రోమ్ కాగితం మీద ముద్రించినవారికి ఈ ఊరట ఉండేది కాదు. అక్కడ రెండూ కలిసి మూలలను మరింత చీకటి చేసేవి. వారికి పొడవాటి లెన్సు మేలుగా ఉండేది. అదే నెగెటివ్ సైజుకు, అదే పెంపుకు 80 మి.మీ. లెన్సు వాడితే నష్టం సుమారు పదో వంతుకు దిగుతుంది, కాకపోతే ఎన్‌లార్జర్ స్తంభం ఎత్తుగా ఉండాలి.