చందాదారుని చిరునామా

పత్రికకు ప్రాణము సంపాదకుడందురు. నా మట్టుకు చందాదారుల రిజిస్టరే. 1924లో 'భారతి' వెలువడునాటికి మా కోనసీమ గోదావరి జిల్లాలోనిది. మరుసటి ఏట ఆ జిల్లా తూర్పు గోదావరి అయినది. 2022 ఏప్రిల్ 4న కోనసీమయే జిల్లా అయి, ఆ ఏటనే అంబేద్కర్ పేరును చేర్చుకొన్నది.

1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు మాత్రము జిల్లాలతో మారలేదు: అమలాపురము 533201, రాజోలు 533242, కొత్తపేట 533223. దానిని రూపొందించిన శ్రీరాం భికాజీ వేలంకర్ సంస్కృత కవి! (మా పండితవర్గమునకు ఆ మాత్రము గర్వము తగును.)

కావున చందాల సాఫ్టువేరును నవీకరించువారు చందాదారుని జిల్లా పేరుతో గాక సంఖ్యతోను, పిన్‌కోడుతోను గుర్తింపవలెను. పాత జిల్లా పేరున కట్టిన చందా కొత్త పేరునకు చేరకున్నచో, పైకము చెల్లించిన రాజోలు పాఠకుడు తపాలా బంట్రోతుకై వృథాగా ఎదురుచూచును.