లోహశోధినీ, ఇనుప బోల్టూ

మెటల్ డిటెక్టరును తెలుగులో ఏమనాలని ఒకప్పుడు మిత్రుల మధ్య చర్చ వస్తే నేను "లోహశోధిని" అన్నాను. శోధించడమంటే వెదకడమూ అవుతుంది, శుద్ధి చేయడమూ అవుతుంది గనుక అపార్థానికి తావున్నదని ఒకరు ఆక్షేపించారు. ఆక్షేపణ న్యాయమైనదే. కానీ వాడుకను నిర్ణయించేది పండితులు కారు గదా! మా సీమలో ఆ వస్తువును ఏ పేరుతో పిలిచినా వినేవాడి మనసులో మెదిలేది ఒక్కటే: గుప్తనిధి. ఈ సంగతి నాకు అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది ఒక బోల్టు కోసం నంద్యాల వీధులు తిరిగినప్పుడు.

రెండేళ్ల క్రితం శనగ కోతల వేళ. నాతోపాటు పనిచేసి, భౌతికశాస్త్రం బోధించి విరమించిన మిత్రులొకరు ఆళ్లగడ్డలో ఉన్నారు. వారి మేనల్లుడు విదేశంలో ఎవరో వాడి అమ్మిన లోహశోధినిని కొని, కొన్నాళ్లు తానూ వాడి, మామగారికి ముచ్చట తీరుతుందని తెచ్చి ఇచ్చి వెళ్లాడు. వారి పొరుగున ఉండే కూలి స్త్రీ ఒకామె శనగచేలో పనిచేస్తూండగా తాళిబొట్టు జారిపోయింది. దారం నాని పుచ్చిపోయింది కాబోలు. ఇంట్లో అత్తకు చెప్పే ధైర్యం లేక పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని కొంగు కప్పుకొని తిరుగుతున్నది. "అయివారా, ఆ మిషనుతో ఒకతూరి చూడు సామీ" అని ఆమె వచ్చి అడిగింది. మిత్రుడు ఉత్సాహంగా యంత్రం బయటికి తీశారు. తీస్తే ఏమున్నది? కర్రకూ కింది పళ్లెంవంటి తీగచుట్టకూ మధ్యనుండే బోల్టు విరిగిపోయింది. దాని కిరుప్రక్కలా ఉండవలసిన రబ్బరు వాషర్లు పెళుసుబారి పొడి అయ్యాయి. చుట్ట ఊయలలాగా వేలాడుతున్నది.

ఆళ్లగడ్డ శిల్పులకు పెట్టింది పేరు. ఉలులకు సాన పట్టే కొలిమి ఆ ఊళ్లో కరువు కాదు. ఒక కమ్మరి పదినిముషాల్లో ఇనుప బోల్టు సరిచేసి బిగించి ఇచ్చాడు. చేలోకి వెళ్లి మీట నొక్కగానే యంత్రం కూయడం మొదలుపెట్టింది. కర్ర కదిలినప్పుడల్లా కూత. మట్టి మీద కూత, గాలిలో ఎత్తిపట్టినా కూత. తన కాలికున్న ఇనుమునే అది పట్టి చూపుతున్నది!

మిత్రుడు నవ్వి, "ఇది గార్ఫీల్డు మంచం కథ" అన్నారు. ఆ కథ తెలియనివారికోసం కొంచెం వివరంగా చెబుతాను.

1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డును వాషింగ్టన్ రైల్వేస్టేషనులో ఒకడు కాల్చాడు. ఒక గుండు భుజాన్ని రాచుకొని పోయింది, రెండవది వీపులో దిగి లోపలే ఉండిపోయింది. ఎక్స్ కిరణాలు వెలువడింది 1895లో. కనుక గుండు ఎక్కడున్నదో చూసే మార్గం అప్పటికి లేదు. వైద్యులు కడుగని చేతివేళ్లతోనే గాయంలో వెదికారు. అప్పుడు టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకు వచ్చాడు. 1879లో డేవిడ్ హ్యూస్ రూపొందించిన ప్రేరణతుల అనే పరికరాన్ని తన టెలిఫోనుకు జతపరచాడు. సూత్రం సరళమే. ఒక తీగచుట్టలో మారుతూండే విద్యుత్తు చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే దానిలో సుడి విద్యుత్తు పుట్టి, రెండవ చుట్టలోని సమతూకాన్ని చెడగొడుతుంది. చెడిన తూకం చెవికి ధ్వనిగా వినిపిస్తుంది. నేటి యంత్రాలకూ మూలం ఇదే.

బెల్ జులై 26న ఒకసారి, ఆగస్టు 1న మరొకసారి ప్రయత్నించాడు. మొదటిసారి తీగల అమరికలో పొరపాటు జరిగింది. రెండవసారి ఒకచోట కాదు, చాలామేర సన్నని ధ్వని వినిపించింది. తరువాత విచారిస్తే, అధ్యక్షుడు పడుకున్న గుర్రపువెంట్రుకల పరుపు కింద ఉక్కుతీగల పరుపు మరొకటి ఉన్నదని తేలింది. అంతేకాదు, ప్రధాన వైద్యుడు గుండు కుడివైపే ఉన్నదని పట్టుపట్టి అటే వెదకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్ఫీల్డు మరణించాడు. శవపరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమవైపున దొరికింది. ప్రాణం తీసింది గుండుకన్న చేతివేళ్ల మురికేనని నేటి వైద్యచరిత్రకారులు పలువురి అభిప్రాయం. యంత్రం అబద్ధమాడలేదు. దాని దగ్గర ఇనుము ఉన్నదన్న సంగతి దాన్ని పట్టుకున్నవాడికి తెలియలేదు.

అటు తరువాతి చరిత్ర సంగ్రహంగా చెప్పుకోవచ్చు. జర్మనీ నుంచి కాలిఫోర్నియా చేరిన గెర్హార్డ్ ఫిషర్ రేడియో దిశాసూచికలతో పనిచేస్తూ, లోహపు ఖనిజాలున్నచోట అవి తప్పుదోవ పట్టడం గమనించి, ఆ తప్పునే సాధనంగా మలచి 1937లో పేటెంటు పొందాడు. రెండవ ప్రపంచయుద్ధంలో పోలండు సైనికాధికారి యూజెఫ్ కొసాత్స్కి స్కాట్లండులో ఉంటూ మందుపాతరలను పట్టే చేతియంత్రాన్ని నిర్మించాడు. 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో, మన నాలుగవ భారత డివిజను కూడా పాల్గొన్న ఆ పోరులో, ఎడారి పాతరల మధ్య దారి తీసింది ఈ యంత్రమే. అంతకు ముందటి ఏడాది ఆఫ్రికాలోనే మన ప్రేమీంద్రసింగ్ భగత్ నాలుగు రోజులపాటు 55 మైళ్ల దారిలో 15 పాతరక్షేత్రాలను తొలగింపజేసి విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఈ యంత్రం పుట్టింది మనిషి ఒంటిలోని గుండు కోసం, పెరిగింది మనిషి కాలికింది పాతర కోసం. బంగారం దానికి తరువాత పట్టిన వ్యసనం.

ఇక నంద్యాల. 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లి హార్డువేరు దుకాణాలు వరుసగా ఎక్కి దిగాము. కావలసింది లోహం కాని బోల్టు, నైలానుదైనా ప్లాస్టిక్కుదైనా సరే. ఇద్దరు లేదన్నారు. మూడవ దుకాణంలో పెద్దమనిషి విరిగిన ముక్కను తిప్పి తిప్పి చూసి, "దేనికి సార్ ఇది?" అన్నాడు. మిత్రుడు ఉన్నమాట చెప్పారు. అతడు గల్లాపెట్టె మీద వంగి గొంతు తగ్గించి, "యా కోట కాడికి పోతాండారు సార్?" అని అడిగాడు.

నాకు నవ్వు రాలేదు. నందుల పేరున వెలసిన ఊరు మాది, చుట్టూ నవనందులు. ఆ నంది కడుపులోనే నిధి ఉంటుందన్న పిచ్చినమ్మకంతో పాడుబడిన గుళ్లలో ఎన్ని విగ్రహాలను పగలగొట్టలేదు? పామరులనే ఎందుకనాలి? 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వకాలు సాగాయి. ఊరివారు అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. ఇటువంటి చేతియంత్రం చిన్న నాణెమైతే జానెడు లోతున, మహా అయితే ఇంకొంచెం లోతున పట్టగలదు. కోటగోడ అడుగున పది నిలువుల లోతును చూపే యంత్రమని ఎవరైనా అమ్మజూపితే అది వట్టి మోసం.

చట్టం సంగతీ చాలామందికి తెలియదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలుపాలి. తెలుపకపోతే వాటా పోవడమే కాక ఏడాదిదాకా ఖైదు పడవచ్చు. తెలిపి, సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు నాలుగింట మూడు వంతులు దొరికినవానివి, తక్కినది స్థలం యజమానిది. పురావస్తువైతే వేరే చట్టాలున్నాయి. దోపిడిగాడు కరిగించేది బంగారాన్నే కాదు. ఏ పొరలో, ఏ కుండలో, దేని పక్కన ఆ నాణెం ఉన్నదో ఆ సమాచారమంతా కరిగిపోతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ మన బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వించినప్పుడు వెలికివచ్చినవి జంతువుల ఎముకలు. పొరపొరకూ లెక్క ఉంచడం వల్లనే అవి ఇప్పటికీ పండితులతో మాట్లాడుతున్నాయి. వాటిని ఏ లోహశోధినీ పట్టి ఉండేది కాదు.

బోల్టు చివరికి దొరికింది, ఎక్కడో చెబితే మీరు నవ్వుతారు. శానిటరీ సామాను అంగడిలో, పాశ్చాత్యపద్ధతి మరుగుదొడ్డి కూర్చునే పీటను బిగించే ప్లాస్టిక్ బోల్టు, దానికి రెక్కల నట్టుతో సహా. లావు సరిపోయింది, పొడవు అరంగుళం ఎక్కువైతే కోసుకున్నాము. సైకిలు ట్యూబు రబ్బరులో రెండు వాషర్లు కత్తిరించాము. మొత్తం ఖర్చు బస్సుఛార్జీకన్న తక్కువ.

మరునాడు తెల్లవారకముందే చేనికి వెళ్లాము, జనం గుమిగూడుతారన్న భయంతో. రేగడినేల, మంచుకు తడిసి ఉన్నది. ఆమె చూపిన నాలుగు సాళ్లు రెండుసార్లు నడిచారు మిత్రుడు. విరిగిన కొడవలిమొన ఒకటి, పురుగుమందు సీసా మూత ఒకటి, బీడీకట్ట రేకు ఒకటి దొరికాయి. ఐదవసారో ఆరవసారో సన్నని కూత వచ్చింది. మట్టిగడ్డ చిదిపితే ఒక బొట్టు బయటపడింది. రెండవది ఎంత వెదికినా దొరకలేదు. ఆమె దొరికినదాన్ని కొంగున తుడిచి కళ్లకద్దుకొని, "ఇంగొకటి చేయించుకుంటాలే అయివారా, దీన్ని చూపిచ్చి మా అత్తకు చెప్తా" అన్నది.

యంత్రం ఇప్పుడు ఆళ్లగడ్డలో మిత్రుని ఇంట్లో అటక మీద ఉన్నది. ఎవరైనా అరువడిగితే, "బోల్టు విరిగింది" అని చెబుతున్నారు.