ఒంగోలు ప్రార్థన కొండ: ఒక ప్రాతఃకాలపు ప్రార్థన చరిత్ర

ఏ విద్యాలయంలోనైనా దినచర్య ప్రార్థనతో ఆరంభమగుట మన దేశమున అనూచానంగా వచ్చుచున్న ఆచారం. గంట మ్రోగగానే బాలబాలికలు వరుసలు తీరి, చేతులు జోడించి, ఆనాటి చదువును దైవసన్నిధిలో ఉంచుతారు. ఆ కొద్ది నిమిషాల ప్రార్థన ఏమి ఫలమిచ్చునో ఆ పసిమనస్సులకు తెలియదు. పెద్దలకైనను వెంటనే తెలియదు. తెలుగు క్రైస్తవుల చరిత్రలో చిరస్మరణీయమైన ఒక ప్రాతఃకాల ప్రార్థన ఈ సత్యమునే బోధించుచున్నది. అది ఒంగోలు పట్టణమున ఒక కొండపై 1854 జనవరి 1వ తేదీన జరిగినది.

ఆ కథకు చెన్నపట్టణంతోను సంబంధమున్నది. అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షాన తెలుగువారి కొరకు 1836లో వచ్చిన శామ్యూల్ డే మొదట విశాఖపట్నంలోను, తరువాత శ్రీకాకుళంలోను కొంతకాలముండి, 1837లో చెన్నపట్టణం చేరి అచ్చటి తెలుగువారి నడుమ పనిచేసెను. 1840లో ఆయన నెల్లూరునకు తరలివెళ్లెను. సంవత్సరాలు గడచినవి గాని ఫలితం స్వల్పము. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చి పనిలో చేరెను. అనారోగ్యపీడితుడైన డే 1853లో స్వదేశమునకు మరలిపోయెను.

అదే 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన మిషను వార్షిక సభలో, ఇంత వ్యయప్రయాసలకు తగిన ఫలము లేని తెలుగు మిషనును మూసివేయవలెనా అను ప్రశ్న వచ్చినది. పటముమీద ఒంటరిగా కనిపించు నెల్లూరును చూచి ఒకరు దానిని ఒంటరి నక్షత్రమనగా, ఆ మాటనే ఆధారముగా చేసికొని కవియైన శామ్యూల్ స్మిత్ ఆ రాత్రియే ఒక గీతము వ్రాసెను. అది మరునాడు సభలో చదువబడినది. మిషను నిలిచినది. నాటినుండి అది ‘ఒంటరి నక్షత్రపు మిషను’ అని పేరుపొందినది.

నెల్లూరునకు ఉత్తరముగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున ఒంగోలు ఉన్నది. 1853 చివర జ్యూయెట్ దంపతులు సువార్త ప్రయాణములో ఆ ఊరు చేరిరి. వారితో నర్సు, రూతు, జూలియా అను ముగ్గురు తెలుగు విశ్వాసులుండిరి. నూతన సంవత్సరాది దినమున ఇంకను చీకటి వీడకముందే ఈ ఐదుగురు ఊరి ప్రక్కనున్న కొండనెక్కిరి. వారు పాడిరి, లేఖనము చదివిరి, ఒకరి తరువాత ఒకరు మోకాళ్లూని ప్రార్థించిరి. సూర్యోదయ వేళ క్రింద పరచుకొనియున్న పల్లెలను చూచి, ఒంగోలునకు ఒక బోధకుని పంపవలసినదిగా దేవుని వేడుకొనిరి. ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే యనుట గమనింపదగినది. పిమ్మట వారు కొండ దిగి తమ పనికి వెళ్లిరి. ఆ దినమున ఏ అద్భుతమును జరుగలేదు.

మరునాడును జరుగలేదు. పండ్రెండు సంవత్సరములు ఆ ప్రార్థనకు ప్రత్యుత్తరము కనుపించలేదు. 1862లో జ్యూయెట్ ఆరోగ్యము చెడి అమెరికాకు వెళ్లినప్పుడు, మిషనును మూసివేయుట గూర్చి మరల చర్చ వచ్చినది. ఎవరు సహాయము చేసినను చేయకున్నను తాను మాత్రము తెలుగువారి యొద్దకే తిరిగి పోయెదనని ఆయన నిశ్చయముగా చెప్పెను. దేవుని నమ్ముట యనగా ఫలము చేతికి వచ్చిన తరువాత సంతోషించుట కాదు. ఫలము కనుపించని దినములలో పని మానకుండుట. ఆ పండ్రెండేండ్ల నిరీక్షణ బోధించు మొదటి పాఠమిదే.

1865లో జ్యూయెట్‌తో కూడ జాన్ ఎవరెట్ క్లౌ వచ్చెను. 1866లో క్లౌ దంపతులు ఒంగోలున స్థిరపడిరి. ఆ యేడే తాళ్లకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. తోళ్ల వ్యాపారియు మాదిగ కులస్థుడునైన ఆయన అంతకుముందు యోగమార్గమున సత్యమును వెదకినవాడు. ఆయన సాక్ష్యము విని ఆ పల్లెలలోని దీనజనులు క్లౌ యొద్దకు రాసాగిరి.

అప్పుడొక పరీక్ష వచ్చినది. క్లౌ నడపు బడిలో బ్రాహ్మణ బాలురు చదువుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో అగ్రవర్ణములవారు దగ్గరకు రారని కొందరు హెచ్చరించిరి. ఏమి చేయుటకును తోచక క్లౌ ప్రార్థించి బైబిలు తెరచెను. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు కొరింథీ పత్రికలోని భాగము కనుపించినది. వేరొక గదిలో ఆయన సతీమణికిని అదే భాగము కనుపించెనని క్లౌ స్వయముగా చెప్పియున్నాడు. మాదిగలకు తలుపు మూయకూడదని వారు నిర్ణయించుకొనిరి. బ్రాహ్మణ బాలురు బడి మానిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది. ఆ కొండపై ప్రార్థన జరిగి సరిగా పదమూడేండ్లు.

1876లో దక్షిణదేశమంతయు ధాత కరువు వాతబడినది. తల్లిదండ్రులు, తాతముత్తాతలు చెప్పగా ఆ కరువు కథలు వినియున్న కుటుంబములు నేటికిని మన నడుమ ఉన్నవి. యౌవనమున అమెరికాలో భూముల సర్వే పని నేర్చియున్న క్లౌ, బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని ప్రభుత్వము నుండి కంట్రాక్టుగా తీసికొనెను. ఆకలిగొన్నవారు కులభేదము లేక ఆ పనికి వచ్చిరి. సంఘపు బోధకులే మేస్త్రీలుగా నిలిచిరి. పారపట్టి ఎరుగనివారును మట్టిమోసి కూలి గైకొనిరి. పని విరామమున బోధకులు వారి నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచిన క్రీస్తు మాటలు వినిపించిరి. మట్టితట్టలు మోయువారికి ఆ మాటలు వేరుగా విడమరచి చెప్పనక్కరలేకపోయినది.

వేలాదిమంది బాప్తిస్మము కోరిరి. కాని క్లౌ సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అన్నము కొరకు మతము మారినారను మాట రాకూడదనియు, ఆకలితో బేరమాడకూడదనియు ఆయన ఉద్దేశము. ఈ చరిత్రలో మిక్కిలి గౌరవింపదగిన ఘట్టమిదియే. పండ్రెండేండ్లు ప్రార్థించి కోరుకొన్నది కండ్లయెదుటకు రాగా, దానిని చేయిచాచి అందుకొనక ఆగుటకు ఎంతటి విశ్వాసము కావలెను!

కాలువ పని ముగిసిన తరువాత 1878 జూన్ మధ్యనుండి బాప్తిస్మములు ఆరంభమైనవి. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వంతులవారీగా నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే. అదే 1878లో జ్యూయెట్ చెన్నపట్టణమునకు వచ్చి, సుమారు నలువది యేండ్లకు పూర్వము డే విడిచిపోయిన తెలుగువారి సేవను మరల చేపట్టెను. నేడు ఒంగోలులో జ్యూయెట్ స్మారక దేవాలయమును, క్లౌ స్మారక వైద్యశాలయు ఆనాటి సేవకు గుర్తులు. ఆ కొండ ‘ప్రార్థన కొండ’ అనియే పిలువబడుచున్నది.

ఈ చరిత్రను పరిశీలించినచో, ప్రాతఃకాల ప్రార్థన కష్టములనుండి తప్పించు మంత్రము కాదని తెలియును. కొండపై ప్రార్థించినవారికి అనారోగ్యము తప్పలేదు, కరువు ఆగలేదు, చదువుకొను బాలురు బడి విడిచిరి. అయినను ప్రార్థన వారికి కష్టములో ఏ మార్గమున నడువవలెనో తెలిపినది. దీనుని త్రోసివేయవద్దనినది; ఆకలిగొన్నవానికి పనియు కూలియు చూపుమనినది; తొందరపడవద్దనినది.

చెన్నపురి మధ్యనుండి సాగు బకింగ్‌హామ్ కాలువ నేడు మురికినీటితో నిండి చూపరులకు చింత కలిగించుచున్నది. దాని ఉత్తరభాగమున మూడున్నర మైళ్లు తెలుగుదేశపు దీనుల చెమటతోను, ఒక ప్రాతఃకాలపు ప్రార్థనా బలముతోను త్రవ్వబడినవని తెలిసినవారు తక్కువ. 75 సంవత్సరములుగా ఈ పాఠశాల ప్రాంగణమున ఉదయపు గంట మ్రోగుచునే ఉన్నది. వరుసలో నిలిచి కన్నులు మూసికొన్న పిల్లలెందరో నేడు తల్లిదండ్రులై తమ బిడ్డలను అదే వరుసలోనికి పంపుచున్నారు. ఆనాడు వారు చేసిన ప్రార్థనలలో దేనికి ఎప్పుడు ఫలము కలిగినదో ఎవరు లెక్కింపగలరు? కొండ దిగిన ఆ ఐదుగురికిని ఆ లెక్క తెలియదు. వారు చేసినదల్లా తెల్లవారగానే ప్రార్థించి, ఆ దినపు పనికి వెళ్లుటయే.