వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనా రైతుల జీవనం

వెస్ట్ బ్యాంక్ అనేది జోర్డాన్ నదికి పడమటనున్న కొండల ప్రాంతం. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ దీన్ని జోర్డాన్ నుంచి స్వాధీనం చేసుకుంది. అప్పటి నుంచి ఆ నేల సైనిక ఆక్రమణలోనే ఉంది. 1995లో కుదిరిన రెండో ఓస్లో ఒప్పందం దాన్ని ఏ, బీ, సీ అని మూడు మండలాలుగా విడదీసింది. పట్టణాలు, ఊళ్లు ఎక్కువగా పాలస్తీనా పౌర పాలనలోని ఏ, బీలలో ఉన్నాయి. తోటలు, మేత కొండలు, జోర్డాన్ లోయలోని సారవంతమైన చేలు చాలావరకు సీలో పడ్డాయి. మొత్తం భూమిలో సుమారు 60 శాతం ఉన్న ఈ సీ మండలంలో భద్రత, భూమి, కట్టడాల అనుమతులు అన్నీ ఇజ్రాయెల్ చేతిలోనే ఉన్నాయి. దీంతో చాలామంది రైతుల ఇల్లు ఒక పాలన కింద, పొలం మరో పాలన కింద ఉన్నాయి.

ఇక్కడి సేద్యానికి కరువు, చీడపీడలు, గిట్టుబాటు ధరల బెడద ఎక్కడైనా ఉన్నట్టే ఉంది. దానికి మించిన బెడద దారి. నేల తనదే, చెట్టు తన తాత నాటిందే అయినా, అక్కడికి ఎప్పుడు వెళ్లాలో, ఎంతమంది వెళ్లాలో, ఎన్ని గంటలు ఉండాలో మరొకరు నిర్ణయిస్తారు. ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం (ఓచా) 2025 ఆరంభంలో లెక్కపెడితే వెస్ట్ బ్యాంక్‌లో రాకపోకలకు 849 అడ్డంకులు తేలాయి. సైనికులు కాపలా కాసే చెక్‌పోస్టులు, రోడ్లకు అడ్డంగా పెట్టిన ఇనుప గేట్లు, మట్టికట్టలు, కాంక్రీటు దిమ్మెలు, కందకాలు అన్నీ ఆ లెక్కలోవే. వీటివల్ల రైతు పోగొట్టుకునేది మొదట సమయం. పోయిన సమయం పంటను, ఆ తర్వాత నేలను కూడా ఎలా తీసుకుపోతుందో తెలియాలంటే ముందు ఆలివ్ చెట్టు సంగతి తెలియాలి.

ఆలివ్ సాగు

వెస్ట్ బ్యాంక్, గాజా రెండింటిలో కలిపి సుమారు కోటి ఆలివ్ చెట్లు ఉంటాయని అంచనా. 80 వేల నుంచి లక్ష కుటుంబాలు ఎంతో కొంత వీటి మీద ఆధారపడి బతుకుతాయి. కొండవాలున రాతి గట్లు పేర్చి, వాన నీటితోనే పెంచే చెట్టు ఇది. నబాలీ, సూరీ అనేవి ఎక్కువగా కనిపించే రకాలు. బెత్లెహేం దగ్గరి అల్ వలాజా ఊళ్లో ఉన్న ఒక చెట్టు వయసు వేల ఏళ్లని చెబుతారు. దానికి సమీపంలోని బత్తీర్ గ్రామపు మెట్ల పొలాలను, వాటికి నీరందించే కాలువలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్టోబరులో తొలివాన పడి ఆకుల మీది దుమ్ము కడుక్కుపోయాక కాయ కోత మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ తోటకు చేరతారు. చెట్టు కింద పట్టాలు పరుస్తారు. పొడుగువాళ్లు నిచ్చెనలెక్కి పైకొమ్మలు పడతారు, పిల్లలు కిందికొమ్మలు దులుపుతారు. ముసలివాళ్లు పట్టా అంచున కూర్చుని కాయల్లోంచి ఆకు, పుల్ల ఏరుతారు. మధ్యాహ్నం అక్కడే పుల్లలు రాజేసి టీ కాచుకుంటారు. రొట్టె, నూనె, జాతర్ అనే మూలికల పొడి, జున్ను, కిందటేడు ఊరబెట్టిన కాయలతో భోజనం అవుతుంది. సాయంత్రానికి సంచులు నూనె మిల్లుకు చేరాలి. కోసిన కాయ ఒకటి రెండు రోజుల్లో మరపట్టకపోతే సంచుల్లోనే వేడెక్కి పులుస్తుంది, నూనెలో ఆమ్లం పెరిగి మేలిరకం కాస్తా నాసిరకమవుతుంది. సంచుల బండి ఒక్క రాత్రి చెక్‌పోస్టు అవతల ఆగిపోతే జరిగే నష్టం ఇదీ.

ఆలివ్ ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తక్కువ కాస్తుంది. కాపు ఏడాదిలో అమ్మిన నూనెతోనే కాపు లేని ఏడాదీ గడవాలి. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, అప్పుల వాయిదాలు ఆ లెక్క మీదే నడుస్తాయి. కాపు ఏడాదిలో గేటు మూతపడితే రెండేళ్ల ఆదాయం దెబ్బతిన్నట్టే.

కోత కాలంలో మాత్రమే వెళ్లనిస్తే చాలు కదా అనుకునేవారు ఉన్నారు. చాలదు. కోత అయ్యాక కొమ్మలు కత్తిరించాలి. వాన తేమ నేలలో నిలవడానికి, కలుపు పెరగకుండా ఉండడానికి శీతకాలంలోనూ వసంతంలోనూ దున్నాలి. దున్నని తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఎండాకాలానికి పొయ్యిలో పుల్లలా తయారవుతుంది, నిప్పురవ్వ పడితే తోటంతా పోతుంది. ఇజ్రాయెల్ కట్టిన విభజన గోడకు అవతల చిక్కిన చెట్ల దిగుబడి, ఇవతలి చెట్లతో పోలిస్తే సుమారు 60 శాతం తక్కువని ఓచా ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో తేలింది. నేల అదే, రకం అదే. వెళ్లనిచ్చిన రోజుల సంఖ్యలోనే తేడా.

గోడ, గేటు, పర్మిట్

ఇజ్రాయెల్ 2002లో విభజన గోడ కట్టడం మొదలుపెట్టింది. రెండో ఇంతిఫాదా (పాలస్తీనా తిరుగుబాటు) కాలపు ఆత్మాహుతి దాడుల నుంచి తన పౌరులను కాపాడుకోవడానికే కట్టామంటుంది. ఆ దాడుల్లో వందలమంది సామాన్యులు చనిపోయిన మాట నిజం. అయితే సుమారు 712 కిలోమీటర్ల గోడ మార్గంలో 85 శాతం 1949 నాటి కాల్పుల విరమణ రేఖ మీద కాకుండా వెస్ట్ బ్యాంక్ లోపలే సాగుతుంది. సెటిలర్ల (వెస్ట్ బ్యాంక్‌లో వచ్చి స్థిరపడిన ఇజ్రాయెలీల) స్థావరాలను కలుపుకోవడానికి చాలాచోట్ల లోపలికి వంపులు తిరిగింది. ఆక్రమిత భూభాగంలో ఈ గోడ కట్టడం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జూలై 9న సలహా అభిప్రాయం ఇచ్చింది. ఇజ్రాయెల్ దాన్ని ఒప్పుకోలేదు.

గోడకూ విరమణ రేఖకూ నడుమ చిక్కిన భూమిని 2003 అక్టోబరులో, మొదట ఉత్తర జిల్లాల్లో, మూసివేసిన సైనిక ప్రాంతంగా ప్రకటించారు. ఆ రోజు నుంచి సొంత పొలంలో అడుగుపెట్టడానికి రైతుకు పర్మిట్ కావలసి వచ్చింది. కల్కీలియా జిల్లాలోని జయ్యూస్ గ్రామానికి గోడతో పొలాల్లో పెద్ద భాగం, ఆరు సాగు బావులు అవతలికి పోయాయి. జామతోటలకు పేరుపడ్డ కల్కీలియా పట్టణం చుట్టూ అన్నివైపులా గోడ, కంచె వచ్చాయి.

2023 అక్టోబరు దాకా గేటు దగ్గర ఉదయం ఇలా గడిచేది. తెల్లవారకముందే ట్రాక్టర్లు, గాడిదలు, సద్దిమూటలతో మనుషులు వరస కట్టేవారు. సైనికుల జీపు వచ్చి తాళం తీసేది. గుర్తింపు కార్డు, పర్మిట్, జాబితాలో పేరు సరిచూసేవారు. ట్రాక్టరుకు విడిగా అనుమతి ఉండాల్సి వచ్చేది. కాసేపటికి గేటు మళ్లీ మూతపడేది. రోజూ తీసే గేట్లు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొద్దికొద్ది సేపే తెరిచేవారు. అలాంటివి కొన్నే. మిగతావాటిలో ఎక్కువ భాగం ఏడాదిలో కోత రోజుల్లో మాత్రమే తెరుచుకునేవి. పనివేళ మధ్యలో పాము కరిచినా, ఒళ్లు తూలినా గేటు తీసే వేళ దాకా ఆగాల్సి వచ్చేది, లేదంటే ఎవరినో ఒకరిని ఫోన్లో బతిమాలుకోవాల్సి వచ్చేది. మహ్‌సోమ్ వాచ్ అనే ఇజ్రాయెలీ మహిళల బృందం 2001 నుంచి చెక్‌పోస్టుల దగ్గర నిలబడి, చూసింది చూసినట్టు రాసి పెడుతోంది.

పర్మిట్ కోసం పెట్టే అర్జీ సంగతి మరీ దారుణం. భూమి తనదని రుజువు చూపాలి. వెస్ట్ బ్యాంక్‌లో బ్రిటిష్ పాలనలో మొదలై జోర్డాన్ కాలంలో సాగిన భూముల సర్వే, రిజిస్ట్రేషన్ మూడో వంతు దగ్గర ఉండగానే 1968లో సైనిక ఉత్తర్వుతో ఆగిపోయింది. చాలా కుటుంబాల దగ్గర ముత్తాత పేరున ఉన్న పన్ను రసీదులే మిగిలాయి. ముత్తాత భూమి వారసుల లెక్కన పంచితే ఒక్కొక్కరికి ముక్కలు వస్తాయి. 330 చదరపు మీటర్ల లోపు ముక్కకు సాగు అవసరం లేదని 2017 నాటి నిబంధనలు తేల్చాయి. మన కొలతలో అది దాదాపు 8 సెంట్లు. ఉమ్మడిగా దున్నుకుంటున్న వారసులు కాగితం మీద పంపకంతో రైతులు కాకుండా పోతారు. కుటుంబమంతా కలిసి చేసే కోతకు ఒకరిద్దరికే పర్మిట్ దొరకడం మామూలు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడి, ఆ వెంటే వచ్చిన గాజా యుద్ధం తర్వాత గోడ అవతలికి వెళ్లే అనుమతులు చాలావరకు ఆగిపోయాయి. ఆ ఏడాది వెస్ట్ బ్యాంక్ మొత్తం మీద 96 వేల దునుములకు పైగా ఆలివ్ తోటల్లో కాయ కోయకుండా ఉండిపోయింది. దునుము అంటే వెయ్యి చదరపు మీటర్లు, దాదాపు పావు ఎకరం. 1,200 టన్నుల నూనె, కోటి డాలర్ల ఆదాయం పోయాయని ఓచా అంచనా.

దున్నని నేల

పంట పోవడం ఒక ఎత్తు, నేల పోవడం ఇంకో ఎత్తు. 1858 నాటి ఒట్టోమాన్ (ఉస్మానియా) భూచట్టం ప్రకారం మీరీ భూమిని, అంటే యాజమాన్యం రాజ్యానిదిగా ఉండే సాగు నేలను, పదేళ్లు వరుసగా దున్నినవాడికి దాని మీద హక్కు వస్తుంది, మూడేళ్లు దున్నకుండా వదిలేస్తే ఆ హక్కు పోవచ్చు. నేలను బీడు పెట్టకుండా పన్ను రాబట్టడానికి సుల్తానుల కాలంలో రాసిన చట్టం ఇది. 1979లో ఎలోన్ మోరె కేసులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు, సైనిక అవసరమన్న పేరుతో ప్రైవేటు భూమిలో స్థావరం కట్టడాన్ని కొట్టివేసింది. అప్పుడు ప్రభుత్వం ఈ పాత చట్టాన్ని పైకి తీసి, సాగులో లేని నేలను ప్రభుత్వ భూమిగా ప్రకటించి స్థావరాలకు ఇచ్చే దారి పట్టింది. 2024 మధ్యలో జోర్డాన్ లోయలో ఒకే ప్రకటనతో 12.7 చదరపు కిలోమీటర్లు ఇలా తీసుకున్నారు. ఓస్లో ఒప్పందాల తర్వాత ఇంత పెద్ద ప్రకటన లేదు.

రైతును పొలానికి వెళ్లనివ్వకపోవడం, వెళ్లలేదు కాబట్టి పొలం తీసుకోవడం ఒకే వ్యవస్థలోని రెండు చేతులు చేస్తున్న పని. నష్టం తప్పదని తెలిసీ రైతులు దుక్కికి వెళ్లడానికి, నాలుగు మొక్కలైనా నాటడానికి తెగించడం ఇందుకే. 2014 డిసెంబరు 10న తుర్ముస్ అయ్యా దగ్గర ఆలివ్ మొక్కలు నాటడానికి వెళ్లిన ప్రదర్శనలో పాలస్తీనా మంత్రి జియాద్ అబూ ఐన్ సైనికులతో పెనుగులాట తర్వాత ప్రాణాలు విడిచారు.

సెటిలర్ల ఒత్తిడి

తూర్పు జెరూసలెం కాకుండా వెస్ట్ బ్యాంక్‌లో సుమారు 5 లక్షలమంది ఇజ్రాయెలీ సెటిలర్లు ఉంటున్నారు. ఈ స్థావరాలకు చట్టబద్ధత లేదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2016లో 2334వ తీర్మానంలో చెప్పింది. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమణ కొనసాగడమే చట్టవిరుద్ధమని అభిప్రాయపడింది. ఇజ్రాయెల్ ఈ రెండింటినీ తోసిపుచ్చింది. సెటిలర్ల మీద పాలస్తీనా సాయుధుల దాడులనూ అది గుర్తుచేస్తుంది.

నాబ్లుస్ దక్షిణాన యిత్జార్, హర్ బ్రఖా స్థావరాల మధ్య ఉన్న బూరిన్ లాంటి ఊళ్లలో కోతకాలమంటే కర్రలు, రాళ్లు, నిప్పు. రాత్రికి రాత్రి చెట్లు మొదలంటా నరికిపోతారు, లేదా ఊరివాళ్లకంటే ముందే వచ్చి కాయ దులుపుకుపోతారు. యానూన్ అనే చిన్న ఊరివాళ్లు 2002 అక్టోబరులో ఈ బాధ భరించలేక అందరూ ఖాళీ చేసి వెళ్లిపోయి, స్వచ్ఛంద కార్యకర్తల తోడుతో తిరిగి వచ్చారు. 2023 అక్టోబరులో అస్ సావియాలో ఒక రైతు, 2024 అక్టోబరులో జెనిన్ జిల్లా ఫకూఆలో ఒక స్త్రీ (ఈమె సైనికుల కాల్పుల్లో) కాయ కోస్తుండగానే తుపాకీ గుళ్లకు బలయ్యారు. 2025 అక్టోబరులో ఓచా 260కి పైగా సెటిలర్ల దాడులను నమోదు చేసింది. 2006లో ఈ లెక్కలు మొదలయ్యాక ఒక నెలలో ఇన్ని అప్పటిదాకా ఎప్పుడూ లేవు.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఇజ్రాయెలీ సంస్థ యెష్ దీన్ కేసులను వెంబడించి చూసింది. 2005 నుంచి 2024 వరకు తెరిచిన దర్యాప్తుల్లో దాదాపు 94 శాతం అభియోగపత్రం లేకుండానే మూతపడ్డాయి.

దాడుల భయం ఉన్నచోట సైన్యం చాలాకాలం రైతునే పొలానికి వెళ్లొద్దని ఆపింది. 2006లో మురార్ కేసులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఇది తగదంది. దాడిచేసేవారిని అడ్డుకోవాలి తప్ప దాడికి గురయ్యేవాడి దారి మూయకూడదని చెప్పింది. ఆ తర్వాత వచ్చిందే 'తన్సీక్', అంటే ముందస్తు సమన్వయం. స్థావరానికి దగ్గరున్న తోటకు సైన్యం ఏడాదిలో కొన్ని రోజులు కేటాయిస్తుంది, ఆ రోజుల్లో కాపలా ఉంటుంది. కాగితం మీద హక్కు గెలిచింది. ఆచరణలో ఏడాది పొడవునా చేయవలసిన సేద్యం ఆ కొద్ది రోజుల్లోకి కుదించుకుపోయింది. ఆ రోజున వాన పడినా, సైనికులు రాకపోయినా మరో తేదీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

కాపరులు, నీళ్లు

ఇటీవలి ఏళ్లలో ఒత్తిడి రూపం మారింది. కొండమీద ఒక గుడారం, ఒక మంద, నలుగురు సెటిలర్ కుర్రాళ్లు, కుక్కలు, కొండలెక్కే బళ్లు ఉంటే చాలు, చుట్టుపక్కల మేత భూమి అంతటికీ పాలస్తీనా కాపరులను దూరం పెట్టవచ్చని తేలిపోయింది. ఇలాంటి పశువుల క్షేత్రాల ద్వారా సెటిలర్లు వెస్ట్ బ్యాంక్‌లో సుమారు 14 శాతం భూమిని గుప్పిట పెట్టుకున్నారని పీస్ నౌ, కెరెమ్ నావోత్ అనే ఇజ్రాయెలీ సంస్థలు 2024 చివర్లో లెక్కతేల్చాయి. 2023 అక్టోబరులో రమల్లా తూర్పున వాదీ అస్ సీక్, హెబ్రాన్ దక్షిణాన జనూతా కాపరి పల్లెలు ఖాళీ అయ్యాయి. మేత దొరకని మందకు దాణా కొనాలి, దాణాకు అప్పు చేయాలి, అప్పు తీర్చడానికి మందలోంచే అమ్మాలి. అలా మంద కరిగిపోతుంది.

నీటి సంగతీ ఇంతే. 1967 నాటి 158వ సైనిక ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా బావి, తొట్టి ఏదీ కట్టకూడదు. సీ మండలంలో వాననీటి తొట్లను కూల్చివేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. జెరికో దగ్గరి అల్ ఔజా ఒకప్పుడు అరటితోటల ఊరు. ఇజ్రాయెల్ తోడే లోతు బావుల వల్ల అక్కడి ఊట పలచబడి, ఆ తోటలు ఎక్కువ భాగం పోయాయి.

నిలబడే తీరు

కోతకు ఇరుగుపొరుగు ఒకరికొకరు కూలి లేకుండా సాయపడే పాత పద్ధతిని పల్లెల్లో 'ఔనా' అంటారు. ఇప్పుడు దానికి కొత్త అవసరం వచ్చింది. ప్రమాదమున్న తోటలకు ఊరంతా కలిసి వెళుతుంది, వెంట విదేశీ కార్యకర్తలు, రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్ లాంటి ఇజ్రాయెలీ సంస్థల వాళ్లు వస్తారు. వాళ్లూ దెబ్బలు తింటున్నారు. జెనిన్ ప్రాంతంలో 2004లో మొదలైన పాలస్తీనా ఫెయిర్ ట్రేడ్ సంఘం సన్నకారు రైతుల నూనెను నేరుగా విదేశీ మార్కెట్లకు చేరుస్తోంది. హెబ్రాన్‌లో వ్యవసాయ కార్మిక కమిటీల సమాఖ్య దేశీ వంగడాల విత్తన నిధిని నడుపుతోంది. ఈ సమాఖ్యను ఇజ్రాయెల్ 2021లో ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. 2024లో ఆ విత్తనాల్లో కొన్నిటిని నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భద్రాగారానికి పంపారు. 2025 జూలై 31న ఇజ్రాయెల్ సైన్యం బుల్డోజర్లతో వచ్చి హెబ్రాన్‌లోని విత్తనోత్పత్తి కేంద్రంలో గోదాములను, పరికరాలను ధ్వంసం చేసింది.