ప్యానింగ్: స్టీరియోలో వాద్యాల అమరిక

మిక్సింగ్‌లో ఒక్కో గొంతునూ, వాద్యాన్నీ ఎడమ కుడి స్పీకర్ల మధ్య ఒక్కో చోట కూర్చోబెట్టడాన్ని ప్యానింగ్ అంటారు. రెండు స్పీకర్లలోంచీ ఒకే శబ్దం సమానంగా వస్తే అది నట్టనడుమ నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది, అక్కడ స్పీకరేమీ లేకపోయినా. ఒకవైపు కాస్త పెంచితే అటు జరుగుతుంది. చెవి పడే ఈ భ్రమే ప్యానింగ్‌కు ఆధారం.

1881లోనే పారిస్ విద్యుత్ ప్రదర్శనలో ఫ్రెంచ్ ఇంజనీరు క్లెమాఁ అదేర్ ఒపేరా పాటను చెవికొక టెలిఫోను చొప్పున వినిపించాడు. శాస్త్రీయమైన పునాది మాత్రం బ్రిటన్‌లో పడింది. తెర మీద నటుడు ఒకచోట, మాట మరోచోట ఉండటం ఈఎంఐ రికార్డింగ్ సంస్థ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్‌ను సినిమా హాల్లో ఇబ్బంది పెట్టిందని చెబుతారు. 1931 డిసెంబరులో ఆయన పెట్టుకున్న పేటెంట్ దరఖాస్తులో నేటి స్టీరియో చాలామటుకు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ పరీక్షిస్తుండగా విమానం కూలి 1942లో మరణించాడు. స్టీరియో రికార్డులు ఇళ్లకు చేరడం ఆయన చూడలేదు.

మిక్సర్ మీది ప్యాన్ నాబ్ కూడా సినిమా బిడ్డే. 1940 నాటి ‘ఫాంటేషియా’ కోసం డిస్నీ ఇంజనీర్లు శబ్దాన్ని తెర వెంట కదిలించడానికి ‘ప్యాన్‌పాట్’ను తయారుచేశారు.

పాటల స్టూడియోలకు ఆ సౌకర్యం ఆలస్యంగా అందింది. తొలినాటి మిక్సర్లు చాలావాటిలో ఎడమ, మధ్య, కుడి అనే మూడు స్థానాల స్విచ్చే దిక్కు. బీటిల్స్ 1963 ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ రెండు ట్రాకుల మీద రికార్డయింది: ఒకదానిలో వాద్యాలు, రెండోదానిలో గొంతులు. మోనోలో కలిపేందుకు వీలుగా చేసుకున్న ఏర్పాటది. అదే స్టీరియోగా విడుదలైంది. ఇయర్‌ఫోన్లలో కుడిది తీసేసి వినండి: గిటార్లు, డ్రమ్స్ మోగుతూనే ఉంటాయి, పాడేవాళ్లు దాదాపు మాయమవుతారు.

బేస్‌ను మధ్యలో పెట్టే అలవాటుకు గ్రామఫోన్ రికార్డు ఒక ముఖ్య కారణం. బరువైన బేస్ ఒకవైపే ఉంటే గాడి లోతు ఎగుడుదిగుడై ముల్లు ఎగిరిపడేది. రికార్డులు వెనకబడ్డా బేస్, కిక్ డ్రమ్, ప్రధాన గాత్రం నడుమనే ఉండిపోయాయి. అక్కడ పెట్టిన శబ్దం రెండు స్పీకర్ల బలంతో పెద్దదవుతుంది కనుక, చాలా మిక్సర్లు దాన్ని సుమారు 3 డెసిబెళ్లు తగ్గిస్తాయి.



డ్రమ్స్‌ను వాయించేవాడి వైపు నుంచి పరచాలా, ఎదురుగా కూర్చున్న శ్రోత వైపు నుంచా అన్నదానిపై ఇంజనీర్లలో నేటికీ ఏకాభిప్రాయం లేదు.