రోగి అప్పు ఎవరికి?

ఉత్తరాంధ్రలో ధర్మవైద్యం చరిత్ర తెలుసుకోదలచినవారికి శిలాఫలకాలు దొరుకుతాయి, దాతల పేర్లు పెట్టిన వార్డులు దొరుకుతాయి, వార్షిక నివేదికలు దొరుకుతాయి. వైద్యం కోసం రోగి చేసిన అప్పుకు మాత్రం అటువంటి గుర్తు ఏదీ లేదు. అది ప్రోనోట్ల మీద, తాకట్టు కొట్టు చీటీల మీద, అంతకంటే ఎక్కువగా మనుషుల నోటిమాట మీద వుంది. అందువల్లనే దానధర్మాల చరిత్ర రాసినవారు రోగాన్ని చూశారు. రైతు ఋణాల చరిత్ర రాసినవారు అప్పును చూశారు. యీ రెండూ ఒకే మనిషి నెత్తిమీద వున్న సంగతి ఇద్దరికీ తప్పిపోయింది. ఈ జిల్లాల్లో బీదవాణ్ణి ఆదుకోవడానికి వచ్చిన సాయం ప్రతిదశలోనూ ఎవరి చేతికి చేరిందో, అప్పు ఎవరి దగ్గర మిగిలిందో చూడటమే ఇక్కడ నా ఉద్దేశం.

జమీందారీ కాలం నుంచి మొదలు పెడదాం. 1802 శాశ్వత పైసలా తరువాత విజయనగరం, బొబ్బిలి మొదలైన సంస్థానాలు వసూలు చేసిన శిస్తుల్లోంచే వారి దాతృత్వం కూడా పుట్టింది. విజయనగరంలో జనం ఘోషాసుపత్రి అని పిలిచే స్త్రీల ఆసుపత్రిని చూడండి. అది ఎటువంటి సమాజంలో, ఎవరి అవసరం చూసి పుట్టిందో ఆ పేరే చెబుతుంది. దాతలను నేను తక్కువ చేయడం లేదు. మందు ఉచితంగా దొరకడం చిన్న సంగతి కాదు. కాని శిస్తు కట్టలేక అప్పు చేసిన రైతు అదే సంస్థానం ఆసుపత్రిలో ఉచితంగా మందు తాగి ఇంటికి పోయేవాడు. అప్పు సంగతి ఆసుపత్రి అడిగేది కాదు, అడగవలసిన పనీ దానికి లేదు.

మిషనరీల సేవ మరో రకం. సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషను వారి ఆరోగ్యవరం ఆసుపత్రి కంటి వైద్యానికి పేరుపడింది. అక్కడ పనిచేసిన డాక్టరు బెన్ గల్లిసన్ సెలవులో కెనడా వెళ్ళి, కాల్గరీ పట్టణంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారితో, పాతిక డాలర్లిస్తే ఒక మనిషికి చూపు వస్తుందని చెప్పాడు. ఆ మాట నుండి 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థ పుట్టింది. ఆ లెక్క సూటిగా వుంది: ఒక శుక్లం, ఒక ఆపరేషను, పాతిక డాలర్లు. శుక్లం ఒక్కసారి తీసేస్తే అయిపోయే జబ్బు గనుక ఆ లెక్క కుదిరింది. ఏళ్ళ తరబడి సాగే జబ్బుకు అది కుదరదు. అదే సోంపేట చుట్టూ తరువాత ఏం జరిగిందో చూస్తే యీ భేదం స్పష్టమవుతుంది.

ఇక అప్పును చూసిన వారి సంగతి. 1937లో ఇచ్ఛాపురంలో బయలుదేరిన రైతు రక్షణ యాత్ర జమీందారీ రద్దుతోపాటు ఋణవిమోచనను కూడా కోరుతూ మద్రాసు దాకా నడిచింది. 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులమీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ కొట్టివేయడం, అసలుకు రెట్టింపు ఇదివరకే చెల్లించి వుంటే బాకీ మొత్తం తీరినట్లే ఎంచడం అందులోని ముఖ్యాంశాలు. అప్పు ఎందుకు చేశావని ఆ చట్టం అడగలేదు. విత్తనాలకు చేసినదైనా, పెళ్ళికి చేసినదైనా, పురిటి జ్వరానికి చేసినదైనా ఒకటే. అది దాని గొప్పతనం. అయితే భూమి మీద అమ్ముకునే హక్కు వున్నవాణ్ణి మాత్రమే అది వ్యవసాయదారుడంది. సెంటు భూమి లేని కూలి చట్టానికి బయట మిగిలిపోయాడు. మన ప్రాంతంలో జబ్బు చేస్తే ముందుగా అప్పుకు పోయేది అతడే.

మన్యంలో సంగతి ఇంకా కఠినం. చలిజ్వరాల సీమలో గిరిజనుడు సొమ్ము తీసుకుని, అది తీరేదాకా షావుకారి ఇంట చాకిరీ చేయడాన్ని గొత్తి అనేవారు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో యీ ఋణదాస్యాన్ని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని కట్టడి చేస్తూ మరొకటి వచ్చింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకిగుళ్ళకు బలయ్యారు. శ్రీకాకుళం కొండలు భగ్గుమన్నాయి. ఆ తరువాత 1970లో గిరిజనుల ఋణవిమోచన నిబంధన వచ్చింది. కాగితం మీదికి చట్టం రావడానికి ఎంత నెత్తురు కావలసివచ్చిందో యీ తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఇంత జరిగినా, రోగం వచ్చినపుడు షావుకారి గుమ్మం తొక్కకుండా వుండటానికి మరొక గుమ్మం ఎక్కడుందనే ప్రశ్నకు యీ నిబంధనల్లో జవాబు లేదు.

విశాఖపట్నంలో 1923లో తెరిచిన కింగ్ జార్జి ఆసుపత్రి అటువంటి గుమ్మమే. మూడు తరాలుగా మన జిల్లాల బీదజనం ‘కేజీహెచ్’ అనే మూడక్షరాలను దైవనామంలా పలుకుతున్నారు. పడక ఉచితం, డాక్టరు ఉచితం. అయినా అక్కడ నెలరోజులు పడుకుని వచ్చిన కుటుంబం అప్పు లేకుండా వచ్చిందని నేను వినలేదు. రైలు ఛార్జీలు, తోడు వున్నవాడి తిండి, బయట కొన్న మందు, ఇద్దరి కూలి పోవడం, వీటిలో ఏదీ ఆసుపత్రి పుస్తకంలో పడదు.

పెద్ద జబ్బులకు కార్పొరేటు ఆసుపత్రులు వచ్చాక ముఖ్యమంత్రి సహాయనిధి ఒక ఆశ్రయమయింది. శాసనసభ్యుడి సిఫారసు ఉత్తరం, బిల్లులు, తరువాత ఎప్పటికో ఒక చెక్కు. వచ్చినవాడికి అది అదృష్టం, రానివాడికి కర్మ. ప్రజాస్వామ్యంలో రోగి మళ్ళీ జమీందారు దివాణం ముందు అర్జీ పట్టుకు నిలబడినట్టే. యీ పద్ధతిని దాటి వచ్చింది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మొదటగా మూడు జిల్లాల్లో, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళాల్లో, దానిని ప్రారంభించారు. బీద కుటుంబానికి ఏడాదికి లక్షా యాభైవేల దాకా, అవసరమైతే మరో యాభైవేలు. సాయం దయ నుంచి హక్కు వైపు జరిగింది. దీనిని తేలికగా తీసివేసేవారు తెల్లకార్డు చేతబట్టుకుని గుండె ఆపరేషనుకు పోయిన మనిషి ముఖం చూసి వుండరు. అయినా మన ప్రశ్న వదలకూడదు. సొమ్ము చేరింది ఎవరికి? ఆసుపత్రికి. పథకం తీర్చింది బిల్లు. ఇంటిదగ్గర అప్పు బిల్లు కాదు.

ఇప్పుడు ఉద్దానం. ఉద్యానవనమనే మాటలోంచి వచ్చిన పేరు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల నేల అది. అక్కడ మూత్రపిండాల జబ్బు రెండు మూడు దశాబ్దాలుగా ఇళ్ళకు ఇళ్ళను తినేస్తున్నది. నీరా, వేడిలో పనా, మందులా, మరొకటా, కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. యీ జబ్బుకు తొలినాళ్ళలో నొప్పి లేదు. నీరసమంటాడు, నడుంనొప్పి అంటాడు, ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటాడు, మళ్ళీ పనికి పోతాడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువని తేలిన రోజు నుండి అప్పు మొదలవుతుంది. మొదట చేబదులు. తరువాత డ్వాక్రా సంఘంలో భార్య పేరున తీసుకున్నది. తరువాత బంగారం. తరువాత నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు. చివరికి జీడితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని కూల్చేసినపుడు అమ్ముకోవడానికి అది కూడా మిగలని కుటుంబాలున్నాయి.

డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు, బతికినన్నాళ్ళు. ఒకప్పుడు అందుకోసం ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండువందల కిలోమీటర్లకు పైగా పోవలసివచ్చేది. తరువాత పలాస, సోంపేట, కవిటి వంటి చోట్ల కేంద్రాలు పెట్టారు. 2023 డిసెంబరు 14న పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. మంచినీటి పథకమూ తెచ్చారు. డయాలిసిస్ ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుంది. కాని డయాలిసిస్ రోజున రోగికీ, తోడు వచ్చినవాడికీ కూలి లేదు.

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి చెప్పవలసి వుంది. అక్కడ రోగి ఆసుపత్రికే బాకీ పడతాడు. ఆ బాకీని ఆసుపత్రులు వసూళ్ళ కంపెనీలకు నామమాత్రపు ధరకు అమ్ముకుంటాయి. 2014లో వెనుక వసూళ్ళ వ్యాపారంలో పనిచేసిన ఇద్దరు కలిసి ఒక ధర్మసంస్థ పెట్టి, చందాలతో ఆ బాకీలను కొని రద్దుచేయడం మొదలుపెట్టారు. 2016లో జాన్ ఆలివర్ అనే టెలివిజను వ్యాఖ్యాత అరవైవేల డాలర్లతో కోటీ యాభైలక్షల డాలర్ల బాకీ కొని యీ సంస్థద్వారా మాఫీ చేయించాడు. మన దగ్గర కూడా ఇటువంటిది పెట్టవచ్చుగదా అని మిత్రులు నన్నడిగారు. పెట్టలేం. అక్కడ రోగి అప్పు సరుకయింది గనుక దాత దానిని కొనగలిగాడు. ఇక్కడ ఆసుపత్రి సొమ్ము ముందే పుచ్చుకుంటుంది. అప్పిచ్చినది బావమరిది, పక్కింటి పెన్షను మాస్టారు, సంఘంలోని పదిమంది ఆడవాళ్ళు, వడ్డీ వ్యాపారి. వీళ్ళలో ముగ్గురు రోగి అంత బీదవాళ్ళే. వాళ్ళ బాకీ రద్దుచేస్తే నష్టం వాళ్ళది. బావమరిది దగ్గర రూపాయి అప్పును పైసకు కొనే ధర్మసంస్థ భూమ్మీద లేదు.

అందుచేతనే, ఓట్లకోసం పంచే డబ్బని చదువుకున్నవారు ఈసడించే కిడ్నీరోగుల పింఛనును నేను మిగతా అన్ని ఏర్పాట్లకంటే ముందు నిలబెడతాను. మొదట నెలకు రెండువేల అయిదువందలిచ్చారు. 2019లో డయాలిసిస్ రోగులకు పదివేలు చేశారు. అదే ఏడాది డిసెంబరులో, ఆపరేషను తరువాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు అయిదువేలకు మించకుండా, ఆసరా భృతి కూడా ప్రారంభించారు. రెండువందల ఏళ్ళ యీ చరిత్రలో రోగి కూలి పోతుందన్న సంగతిని సర్కారు లెక్కలోకి తీసుకోవడం అప్పుడే చూస్తాం. ఆసుపత్రికి కాక ఇంటికి చేరే సొమ్ము గనుక, బావమరిదికి, సంఘానికి చేరగలిగినదీ అదొక్కటే.

దాని హద్దులూ చెప్పాలి. డయాలిసిస్‌కు రాని రోగులకు తరువాత ఇచ్చిన అయిదువేలకు క్రియాటినిన్ అయిదు దాటి వుండాలన్నారు. మూడు వున్నవాడు, నాలుగు వున్నవాడు లెక్కకు రాడు. పరీక్షలకు, మందులకు, ఊరూరా డాక్టర్ల దగ్గరకు తిరిగి అప్పులపాలయ్యేది సరిగ్గా ఆ కాలంలోనే. రోగి చనిపోయాక ఆ పింఛనూ పోతుంది. ప్రోనోటుకు మూడేళ్ళ కాలదోషం వుంది గనుక, ఆ గడువు దాటకముందే అప్పిచ్చినవాడు దానిని తిరగరాయించుకుంటాడు. కాళీపట్నం రామారావుగారు ‘యజ్ఞం’ కథలో తండ్రి అప్పు కొడుకుల మెడకు ఉరిగా చుట్టుకోవడం చూపించారు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినపుడు, పుత్రధర్మం పేరు చెప్పి తండ్రి అప్పుకు కొడుకును పట్టుకునే హక్కును పార్లమెంటు తీసేసింది. ఆ సవరణ తరువాత చేసిన అప్పులకు, తండ్రి విడిచిన ఆస్తి మేరకు తప్ప, కొడుకు పూచీ లేదు. ఉద్దానంలో ఆ మాట ఎవరూ పైకి అనరు. కర్మకాండ అయ్యాక పెద్దమనుషులు కూర్చుంటారు, కొత్త ప్రోనోటు రాస్తారు, కొడుకు సంతకం పెడతాడు. అది తండ్రి అప్పు కాదు, చట్టం దృష్టిలో కొడుకు తనంత తాను చేసిన అప్పు. ఆ నెలలోనే వాడు ముంబాయి బండి ఎక్కుతాడు.